పన్నెండు ఆమడల గడ్డి

రాజుల కాలంలో వీడియో గేములేమిటని అడిగేవాళ్లు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు. మల్లెసీమను ఏలిన చిత్రరథ భూపతికి ఆ పిచ్చి ఉండేది. పిచ్చి రాజుగారిది కాబట్టి దాన్ని అభిరుచి అనేవారు.

ఒకరోజు ఆయన నిండుకొలువులో ప్రకటించాడు.

"మా ఆస్థానానికి ఒక సాహసపు ఆట కావాలి. ఒక్కటే కావాలి. నెగ్గినవారికి గండపెండేరం తొడుగుతాం. ఓడిన ఆటను ఆనవాలు లేకుండా చెరిపేస్తాం."

పోటీలో మిగిలింది ఇద్దరు. ఒకరు విశాలాచార్యులు. ఆయన ఏది చేసినా పెద్దగానే చేస్తాడు, తలపాగాతో సహా. రెండోవాడు కోనప్ప. అతను మూడేళ్లు కూర్చుని ఒకే ఒక్క వీధిని తయారుచేశాడు.

ఆచార్యులు తన పటాన్ని సభలో పరిపించాడు. అది సింహాసనం దగ్గర మొదలై, గుమ్మం దాటి, వసారాలో కాపలా భటుడి కాళ్ల కింద ముగిసింది.

"పన్నెండు ఆమడల ప్రపంచం ప్రభూ! మూడు వందల ఊళ్లు, నలభై కొండలు. నడిమధ్యలో తమ విగ్రహం."

రాజు నోరు తెరిచి చూశాడు. "నీదెంతోయ్ కోనప్పా?"

"ఒక వీధి ప్రభూ. ఆ చివర తమ విగ్రహం."

సభ పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆ వీధిని ఒక్కసారీ చూడనివాళ్లే. రాజు కూడా నవ్వి, "ఇంకా ఆలోచించేదేముంది? ఆచార్యులదే గెలుపు," అన్నాడు.

కోనప్ప మూడేళ్ల కష్టం సాయంత్రానికల్లా చెరిగిపోతుంది. కానీ అతను ఏడవలేదు, వాదించలేదు. వంగి దండం పెట్టాడు.

"గెలుపు ఆచార్యులదే ప్రభూ. మరి అంకితం మాటేమిటి? కావ్యమైనా ఆటైనా కర్త స్వయంగా తమకు తాంబూలం సమర్పించాలి కదా. అదయ్యేదాకా ప్రభువులు భోజనానికి లేవకూడదని తాతలనాటి ఆచారం. ఆటకు అంకితం కాబట్టి, ఆటలో ఉన్న తమ విగ్రహానికే ఇస్తే నిండుగా ఉంటుంది."

ఆచార్యులు మీసం మెలేశాడు. "నా ప్రపంచంలో నాకు దారి తెలియదా? ఇప్పుడే ఇస్తాను."

పాపం, ఆయన తన ప్రపంచాన్ని పటంలో చూసుకుని మురిసిపోవడమే తప్ప ఏనాడూ అందులో నడవలేదు. ఆ సంగతి కోనప్పకు తెలుసు.

ఆట మొదలైంది. తెరమీద ఆచార్యులు తమలపాకులు పట్టుకుని గుర్రమెక్కాడు. ఘడియ గడిచింది. ఒక ఊరు వచ్చింది. బుర్రమీసాల గ్రామపెద్ద ఎదురొచ్చి, "రండి వీరా, ఊరికి ఆపద వచ్చింది," అన్నాడు. ఇంకో ఘడియకు ఇంకో ఊరు వచ్చింది. అవే మీసాలు, అదే ఆపద.

ఐదో ఊరికి మధ్యాహ్నం దాటింది. వంటశాల నుంచి గుత్తివంకాయ వాసన కొలువులోకి వచ్చి కూర్చుంది. రాజుగారి కడుపులో ఎలుకలు పరుగెత్తాయి.

"ఇంకెంత దూరం ఆచార్యా?"

"నాలుగు ఆమడలే ప్రభూ. అదిగో ఆ కొండ వెనక... కాదు, ఆ రెండో కొండ... రెండూ ఒకేలా ఉన్నాయి ప్రభూ."

"దారిలో ఏముంది?"

"గడ్డి ప్రభూ."

"ఆ తర్వాత?"

"మళ్లీ గడ్డే ప్రభూ. కానీ చాలా నాణ్యమైన గడ్డి. ఒక్కో పోచ విడివిడిగా ఊగుతుంది!"

రాజు ఊగిపోయాడు.

"నేనేమైనా పశువునా? ఆపవయ్యా! కోనప్పా, నీ వీధి తెరువు. ఎవడో ఒకడు తాంబూలం ఇస్తేగానీ నాకు అన్నం దొరికేట్టు లేదు."

"మీటలు తమరే పట్టండి ప్రభూ. కర్త చేతి బదులు ప్రభువు చేయి అయితే ఆచారం కాదనదు."

రాజు వీధిలో నాలుగు అడుగులు వేశాడో లేదో, అరుగు మీంచి ఒక ముసలమ్మ లేచింది.

"కళ్లు నెత్తికెక్కాయా నాయనా? ముగ్గు తొక్కేశావు!"

సభ గతుక్కుమంది. పట్టాభిషేకం అయ్యాక రాజుగారిని తిట్టిన మొదటి మనిషి ఆవిడే. రాజు మాత్రం తడబడి, "చూసుకోలేదు అవ్వా," అన్నాడు.

"చూసుకోకపోతే పిండి తెచ్చి దిద్దు. ఈ వీధిలో తమలపాకులు నా పెరట్లోనే ఉన్నాయి. ముగ్గు దిద్దందే ఒక్క ఆకూ ఇవ్వను."

రాజు పిండి కోసం కొట్టుకు పరుగెత్తాడు. కొట్టు శెట్టి ఎగాదిగా చూశాడు.

"అవ్వ ముగ్గు తొక్కింది నువ్వేనట కదా?"

"అప్పుడే నీకెవరు చెప్పారు?"

"ఈ వీధిలో చెప్పాలా ఏమిటి?"

ముగ్గు వంకరగా దిద్దాడు. అవ్వ ఇంకో రెండు తిట్లు తిట్టి ఆకులిచ్చింది. విగ్రహం ముందు తాంబూలం పెట్టాడు. అన్నీ కలిపి అరఘడియ పట్టింది.

వంటవాడు పరుగున వచ్చాడు. "ప్రభూ, వడ్డించాను!"

రాజు కదల్లేదు.

"ప్రభూ, వంకాయ చల్లారిపోతోంది..."

"చల్లారనీ! ముందు శెట్టికి చాడీ చెప్పిందెవరో తేలాలి. నాకు వీధిలో ఆ కిటికీ వెనక నిలబడ్డ మంగలి మీద అనుమానంగా ఉంది."

కోనప్ప ఆచార్యుల వైపు తిరిగాడు.

"తమ ప్రపంచంలో ప్రభువులకు ఆకలి గుర్తొచ్చింది. నా వీధిలో వడ్డించిన విస్తరి గుర్తురావడం లేదు. ఇంతకంటే మంచి కొలబద్ద ఉంటే చెప్పండి ఆచార్యా, దాంతోనే కొలుద్దాం."

సభ మళ్లీ పగలబడి నవ్వింది. ఈసారి చూసి నవ్వింది. రాజు తెరమీంచి కళ్లు తిప్పకుండానే చెప్పాడు.

"గండపెండేరం కోనప్ప కాలికి తొడగండి. ఆ పన్నెండు ఆమడలు చెరిపేయండి."

ఆచార్యుల ముఖం వాడిపోయింది. చెరిగిపోవడమంటే ఏమిటో పొద్దుటి నుంచి కోనప్పకు బాగా తెలుసు. అతను చేతులు జోడించాడు.

"చెరపవద్దు ప్రభూ, నా కోరిక మన్నించండి. ఆ తెరను మన గుర్రపుశాలలో పెట్టిద్దాం. అంత నాణ్యమైన గడ్డిని మెచ్చుకునేవాళ్లు అక్కడే ఉన్నారు!"

రాజుగారు ఎంతగా నవ్వారంటే, తెరమీద మంగలి కిటికీలోంచి దూకి పారిపోయినా చూసుకోలేదు.