రేలయ్య ముక్కుకు రెండో వైద్యం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక మద్దిచెట్టు. ఆ చెట్టు తొర్రలో రేలయ్య, జాజమ్మ అనే ఆలుమగలు కాపురం ఉండేవారు. వాళ్లు కొమ్ముముక్కు పిట్టలు. మూరెడు పిట్టకు జానెడు ముక్కు, ఆ ముక్కు మీద మళ్లీ ఒక కొమ్ము! దేవుడు ముక్కుల బుట్ట మొత్తం వీళ్ల మీదే బోర్లించాడేమో.

ఆ పిట్టల్లో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడపిట్ట తొర్రలోకి వెళ్లి, వాకిలిని మట్టితో మూసేసుకుంటుంది. సన్నని చీలిక ఒక్కటే వదులుతుంది. పిల్లలు పెరిగేదాకా మగపిట్టే పండ్లు తెచ్చి, ఆ చీలికలోంచి ముక్కుతో అందించాలి. జాజమ్మ కూడా అలాగే లోపలికి వెళ్లింది. పిల్లలు పుట్టాయి.

రేలయ్య రోజూ పండ్ల కోసం మేడిచెట్టుకు వెళ్లేవాడు. ఒకరోజు చిలకలు పకపకా నవ్వాయి. "అదిగో, ముక్కొచ్చింది! ఆగండి, వెనకాల రేలయ్య కూడా వస్తాడు!" అన్నాయి. మర్నాడు కోతులు అదే మాట అన్నాయి. ఆ మర్నాడు నెమలి కూడా అంది. రేలయ్యకు తల కొట్టేసినట్టయింది.

"ఈ ముక్కు చెక్కించుకుంటాను. జాజమ్మ బయటికి వచ్చి చూసి ఎంత మురిసిపోతుందో!" అనుకున్నాడు. ఆమెతో మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

వడ్రంగిపిట్ట టకటకయ్య దగ్గరికి వెళ్లాడు.

"ఎలా కనబడాలి బావా నీకు?" అని అడిగాడు టకటకయ్య.

"చిలకలా!"

"ఓస్, అంతేనా!" అని టకటకా కొట్టేశాడు. ముక్కు కొస ఊడి కిందపడింది. మిగిలింది వంకర పోయింది. రేలయ్య వాగు నీళ్లలో చూసుకున్నాడు. చిలక ముక్కూ రాలేదు, పాత ముక్కూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. మేడిపండు పట్టుకుంటే జారిపోయింది. మర్రిపండు పట్టుకుంటే నలిగిపోయింది. నేరేడుపండు ఒకటి ఎలాగో తొర్రదాకా తెచ్చాడు. మొండి ముక్కు చీలికలో పట్టలేదు. పండు జారి, చెట్టు కింద కాచుకున్న ఉడుము నోట్లో పడింది.

లోపల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నాయి. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా? గోడ పగలగొట్టుకుని నేనే రానా?" అంది జాజమ్మ.

"వద్దు, వద్దు! కింద ఉడుముంది!" అన్నాడు రేలయ్య. జరిగింది చెప్పడానికి వాడికి నోరు రాలేదు.

టకటకయ్య దగ్గరికి పరుగెత్తాడు. "కొత్తలో అలాగే ఉంటుందిలే, సర్దుకుంటుంది" అన్నాడు వాడు, ఎటో చూస్తూ.

అక్కడినుంచి ఉడుత డాక్టరమ్మ దగ్గరికి పోయి బావురుమన్నాడు. డాక్టరమ్మ ముక్కు చూసింది. "ఏడుపు ఆపి, ముందు మీ ఇల్లు చూపించు నాయనా" అంది.

చెట్టెక్కింది. గడ్డిపోచతో చీలిక కొలిచింది. జరిగింది జాజమ్మకు చెప్పి, "ముక్కు ఎంతవరకు లోపలికొస్తే నీకు అందుతుంది తల్లీ?" అని అడిగింది. తర్వాత రేలయ్యతో ఇలా అంది.

"వాపు తగ్గేదాకా ముక్కు ముట్టుకోను. పచ్చిపుండు మీద కోస్తే ఉన్నదీ పోతుంది."

"అందాకా నా పిల్లలో?"

డాక్టరమ్మ టకటకయ్యను పిలిపించింది. "తిట్టడానికి పిలవలేదు. లోపల పసివాళ్లు ఆకలితో ఉన్నారు. నీ ముక్కు ఈ చీలికలో దూరుతుంది" అంది.

టకటకయ్య తల దించుకున్నాడు. "ఎలా కనబడాలని అడిగాను గాని, ఆ ముక్కుతో నీకేం పనని అడగలేదు బావా. తప్పు నాదే" అన్నాడు. వెంటనే వెళ్లి పండు తెచ్చి తినిపించాడు. ఆ రోజునుంచి పొద్దునా సాయంత్రం మానకుండా తెచ్చాడు.

వాపు తగ్గింది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "పోయిన కొస తిరిగి రాదు. నీ కొమ్ములోంచే ముక్క తీసి అతకాలి. కొమ్ము పొట్టిదవుతుంది. అతుకు కనబడుతుంది. సరేనా?"

"జాజమ్మను అడిగి వస్తాను" అన్నాడు రేలయ్య. ఈసారి అడిగాడు!

"అతుకుంటే ఏమయ్యా? ఈ చీకట్లో నాకు కనబడేది నీ ముక్కొక్కటే. అది లోపలికి వస్తేనే నాకు తెల్లారేది" అంది జాజమ్మ.

డాక్టరమ్మ నొప్పి తెలియకుండా ఇప్పపూలు తినిపించింది. రేలయ్య మత్తుగా జోగాడు. డాక్టరమ్మ వాడి కొమ్ము కొసను తన పళ్లతో మెల్లగా కొరికి తీసి, తుమ్మజిగురుతో ముక్కుకు అతికించి, నారతో కట్టింది. మళ్లీ ఓపిక పట్టమంది. కట్టు విప్పాక రేలయ్య మేడిపండు పట్టుకున్నాడు. జారలేదు. చీలికలో పెట్టాడు. లోపలినుంచి జాజమ్మ అందుకుంది. వాడికి కళ్లనీళ్లు ఆగలేదు.

పిల్లలకు రెక్కలొచ్చాయి. జాజమ్మ గోడ పగలగొట్టింది. చిన్నపిల్ల తల బయటపెట్టి, రేలయ్యను కిందనుంచి పైదాకా చూసి నోరు తెరిచింది.

"అమ్మా! నాన్నకు ఇంత ఒళ్లుందా? నేను ముక్కే నాన్న అనుకున్నాను!"

చిలకలు ఎగతాళిగా అన్న మాట ఇంచుమించు అదే. ఈసారి రేలయ్యకు గుండె నిండిపోయింది.

"పదండి, మీ మొదటి ఎగురుడు డాక్టరమ్మ ఇంటికి. ఆ తర్వాత టకటకయ్య మామ ఇంటికి. వాళ్లు లేకపోతే మీరు లేరు" అన్నాడు. అందరూ తలో మేడిపండు పట్టుకుని ఎగిరారు. రేలయ్య ముందు ఎగిరాడు. కాదు, ముందు వాడి ముక్కు, వెనకాల వాడు!

నీతి: నలుగురూ నవ్వారని ఉన్నదాన్ని మార్చుకునే ముందు, దాన్ని నమ్ముకున్న మనవాళ్లను అడగాలి, చెడినదాన్ని బాగుచేసిన చేతిని ఎన్నటికీ మరవకూడదు.