ఎదుటి జట్టు మనిషి

ఐలేష్‌కు తానెవరో తెలియని రోజులవి. వేదాంతం కాదు, ఫుట్‌బాల్ తెచ్చిన తంటా.

మామూలు ఫుట్‌బాల్ కూడా కాదు. తలకు హెల్మెట్, భుజాలకు దిండ్లలాంటివి కట్టుకొని, గుడ్డు ఆకారపు బంతి కోసం ఒకరినొకరు కుమ్ముకునే అమెరికన్ ఫుట్‌బాల్. హైదరాబాద్ శివారులోని వాళ్ల కాలేజీకి అలాంటి జట్టుందంటే ఆటోవాళ్లు కూడా నమ్మరు. ఆ ఆటేమిటో ఇంట్లోవాళ్లకు అర్థం చేయించడానికి ఐలేష్‌కు రెండేళ్లు పట్టింది. అర్థమయ్యాక మానెయ్యమన్నారు.

ఆ జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. వచ్చే ఆదివారం ఎవరితో మ్యాచ్ ఉంటే, వారమంతా ప్రాక్టీసులో ఒకడు ఆ జట్టు మొనగాడిలా ఆడాలి. మిగతావాళ్లు వాణ్ణి తోసి తోసి అలవాటు పడాలి. సీజన్ మొదలైననాటి నుంచీ ఆ ఒకడు ఐలేషే. వీడియోలు చూసి ఒక వారం విశాఖవాడిలా భుజం వంచి ఉరికాడు, ఇంకో వారం బెంగళూరువాడిలా బుసలు కొట్టాడు. ఎంత బాగా చేశాడంటే, వీణ్ణి అసలు మ్యాచ్‌లో దించుదామన్న ఊహే ఎవరికీ రాలేదు. కలల్లో ఎవరు ఏ పేరుతో పిలిచినా పలికేవాడు, ఒక్క తన పేరుతో తప్ప.

ఇక మిగిలింది విజయవాడతో ఆఖరి మ్యాచ్. కాలేజీలో ఐలేష్‌కూ అదే ఆఖరి ఏడాది. శుక్రవారం పొద్దున్నే పాతబస్తీలో జలాల్ ఉస్తాద్ కుస్తీ నేర్పే తాలీంకు వెళ్లాడు. జట్టులో ముందు వరసకు తోపులాట నేర్పేదీ, అందులో ఎవరు దిగాలో చెప్పేదీ ఆ ముసలాయనే. "ఇది కుస్తీయే బేటా. నడుమ ఎవడో గుడ్డు పట్టుకొని ఉరుకుతడు, గంతే" అని ఆ ఆటను ఒక్క మాటలో తేల్చేసినవాడు.

పొగమంచు తలుపులోంచి లోపలికొచ్చి ఎర్రమట్టి మీద పడుకొని ఉంది. నూనె, పసుపు కలిసిన వాసన. మంచులో నడుము దాకా మునిగి, ఉస్తాద్ పారతో మట్టి తిరగేస్తున్నాడు. నీళ్లలో నడుస్తున్నట్టుంది.

"ఉస్తాద్, రేపట్నుంచి నేను రాను."

"ఏమైంది?"

"సీజనంతా పరాయోళ్ల లెక్కనే ఆడిన. నా లెక్క ఎప్పుడాడాలె? ఆదివారం దించుతనంటే చెప్పుండ్రి, ఉంట."

ఉస్తాద్ పారను గోడకానించాడు. ఐలేష్‌ను మట్టిలోకి రమ్మని సైగ చేసి, తను ఎదురుగా వంగి నిలబడ్డాడు. కుడి మడమ కొంచెం పైకి లేచింది. కింది పెదవి పళ్ల మధ్యకు పోయింది. కళ్లు మాత్రం ఎదుటివాడి మీద లేవు. పక్కన ఎవరో కూర్చొని తనను మెచ్చుకుంటున్నారా లేదా అని దొంగచూపులు చూస్తున్నాయి.

ఐలేష్‌కు నవ్వొచ్చింది. "ఎవడీడు ఉస్తాద్? విజయవాడోళ్లల్ల ఇసొంటి తిక్కలోడు లేడు గదా!"

ఉస్తాద్ ముక్కు ఎగబీల్చి, లేని హెల్మెట్ పట్టీని గడ్డం కింద రెండు వేళ్లతో ఒకసారి లాగి వదిలాడు.

రోజూ పట్టీ లాగే అలవాటుతో ఐలేష్ చెయ్యి తెలియకుండానే తన గడ్డం దగ్గరికి పోయింది. అక్కడే ఆగింది. నవ్వూ ఆగింది.

"తొయ్యి" అన్నాడు ఉస్తాద్.

"మీరు పెద్దమనిషి…"

"తొయ్యిర భై!"

ఎక్కడ తొయ్యాలో వెతకనక్కర్లేకపోయింది. లేచిన మడమ వైపు భుజం ఆనించాడు, అంతే. పహిల్వాన్లను పడగొట్టిన మనిషి, చూపు ఇంకా పక్కనే ఉండగా, చప్పుడు లేకుండా మంచులోకి మునిగిపోయాడు.

ఐలేష్ గాభరాగా మోకాళ్ల మీద కూలబడి మంచులో ఉస్తాద్ కోసం తడిమాడు. ఆదివారం సంగతే మరిచిపోయి, చేతికి దొరికిన భుజాన్ని పట్టి లేపాడు.

తెల్లగడ్డానికి అంటిన ఎర్రమట్టితో ఉస్తాద్ లేచి కూర్చున్నాడు.

"అందర్నీ పట్టుకొచ్చి మాకు చూపించినవ్ బేటా" అన్నాడు. "వీడొక్కడే మిగిలిండు."