సప్పిడి దాలమ్మ చిప్ప

మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక ఉప్పుమళ్ళ ఊరు ఉండేదట. ఎటు చూసినా తెల్లటి ఉప్పు కుప్పలే. ఆ ఊళ్ళో మంచినీళ్ళకు కరువు, నీడకు కరువు, ఉప్పుకు మాత్రం కరువు లేదు. ఆడవాళ్ళు పిడికిళ్ళతో తీసి కూరల్లో వేసేవాళ్ళు.

ఆ ఊరికి ఎక్కడో దూరపు మెట్ట ఊరి నుంచి దాలమ్మ అనే పిల్ల కోడలిగా వచ్చింది. ఆమె పుట్టిన ఊరికి ఉప్పు ఏడాదికోసారి ఎద్దుల మీద వచ్చేది. అందుకని వాళ్ళమ్మ పొద్దున్నే ఒక చిన్న ఆల్చిప్పతో ఉప్పు కొలిచి పక్కన పెట్టేది. మనిషికి ఒక చిప్ప, రోజుకి ఒక చిప్ప, అంతే. కూరైనా, చారైనా, ఊరగాయైనా అందులోంచే. దాలమ్మ ఆ చిప్పను కొంగున కట్టుకుని కాపురానికి వచ్చింది.

ఇక చూడండి నవ్వులు! ఉప్పుమళ్ళ మధ్య కూర్చుని ఉప్పు కొలిచే కోడలట! ఊరంతా కలిసి సప్పిడి దాలమ్మ అని పేరు పెట్టారు. ఆమె పని గట్ల మీద రాలిన ఉప్పు ఊడ్చడం. ఊళ్ళో అంతకంటే చిన్న పని లేదు. అయినా ఆమె తన పని తాను చేసుకుపోయేది. ఎంత ఓపికమ్మా ఆ తల్లికి!

ఆమె అత్తింట్లో ముగ్గురు అన్నదమ్ములు, ఎవరి పొయ్యి వాళ్ళది. పెద్దవాడు గున్నయ్య, ఊరి మళ్ళన్నిటికీ పెద్ద. నడిమివాడు సూరయ్య. చిన్నవాడు దాలమ్మ మొగుడు. ఎండాకాలమంతా ముగ్గురూ మళ్ళల్లో ఉప్పు లాగేవాళ్ళు. చెమట కాలవలు కట్టేది. అప్పుడు దాలమ్మే గంజిలో ఉప్పు వేసి తెచ్చి తాగించేది. తర్వాత వానలొచ్చేవి, మళ్ళు మునిగేవి. మగవాళ్ళు నాలుగు నెలలు అరుగుల మీదే కూర్చునేవాళ్ళు. చెమట ఆగేది. ఉప్పు ఆగేది కాదు.

మొదటి ఏడు వానల్లో దాలమ్మ మొగుడికి కాళ్ళు వాచాయి, తల తిరిగింది, ఒక పొద్దున మంచం మీంచి లేవలేదు. రెండో ఏడు వానల్లో సూరయ్యకు కాళ్ళు వాచాయి, తల తిరిగింది, ఒక పొద్దున మంచం మీంచి లేవలేదు. మూడో ఏడు వానలొచ్చాయి. గున్నయ్యకు కాళ్ళు వాచాయి, తల తిరిగింది.

ఇద్దర్నీ మింగింది వానగాలే అన్నారు అంతా. దాలమ్మ మాత్రం ఆలోచించింది. తన పుట్టింటా వానలే కదా, అక్కడ ఎవరి కాళ్ళూ ఇలా వాచలేదే!

మొదటి రోజు బావగారి గుమ్మం అవతల నిలబడి అడిగింది. “బావా, సెమట పట్టనోడికి అంత ఉప్పెందుకు?”

“ఉప్పు మీద బతుకుతూ ఉప్పుకే వంక పెడతావేటే?” అని గున్నయ్య కసిరాడు.

రెండో రోజు వెళ్ళింది. “బావా, సెమట పట్టనోడికి అంత ఉప్పెందుకు?” గున్నయ్య పెళ్ళాం అప్పాయమ్మ తలుపు వేసేసింది.

రెండు వారాలు పోయాక మూడోసారి వెళ్ళింది. “బావా, సెమట పట్టనోడికి అంత ఉప్పెందుకు?”

గున్నయ్య అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. “నాను ఉప్పు మానీసి పది దినాలయింది. వైద్యుడూ అదే సెప్పినాడు. పప్పులో నేదు, కూరలో నేదు. అయినా నా కాళ్ళు సూడు!”

దాలమ్మ కంచం చూసింది. నోటికి రుచి లేదని రెండు ఎండుచేపలు, మామిడికాయ ఊరగాయ ముక్కలు, గుప్పెడు ఊరమిరపకాయలు.

“మరిందులో ఉప్పు నేదా బావా?”

“ఏదో సిటికెడుంటాది. దానికే సచ్చిపోతానా?”

“ఎంతుందో సూపిత్తాను. మూడు దినాల ఎండ సాలు. సూపించలేపోతే మా అమ్మోరింటికి ఎల్లిపోతాను, మళ్ళీ ఈ ఊరు తొక్కను.”

మర్నాడు దాలమ్మ మూడు మట్టి మూకుళ్ళు గున్నయ్య వాకిట్లో పెట్టింది. ఆయన ఒక రోజులో తినేదంతా తెప్పించింది. చేపల్ని ఒకదాంట్లో, ఊరగాయ ముక్కల్ని ఒకదాంట్లో, మిరపకాయల్ని ఒకదాంట్లో నానబెట్టి, పిసికి, పిప్పి తీసేసి, నీళ్ళు ఎండకు వదిలింది. ఆ ఊళ్ళో సముద్రపు నీళ్ళతో చేసే పనే అది. ఎవరూ తప్పు పట్టడానికి లేదు.

మొదటి రోజు మబ్బు. జనం నవ్వారు. రెండో రోజు చినుకులు. దాలమ్మ మూకుళ్ళకు తాటాకు గొడుగు అడ్డం పెట్టి తాను తడిసింది. జనం ఇంకా నవ్వారు. మూడో రోజు ఎండ విరగ్గాసింది. మధ్యాహ్నానికి నీళ్ళు ఇంకిపోయి మూడు మూకుళ్ళకూ పొర కట్టింది. ఒకటి తెల్లగా, ఒకటి ఎర్రగా, ఒకటి మట్టి రంగుగా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గున్నయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. తానే గీకాడు. వేళ్ళ మధ్య నలిపాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ వేళ్ళకు ఉప్పు సంగతి ఇంకొకరు చెప్పాలా! దాలమ్మ చిప్ప చాపింది. ఒక చిప్ప నిండింది. రెండో చిప్ప నిండింది. మూడో చిప్ప నిండింది.

గున్నయ్య అక్కడే చతికిలబడ్డాడు.

“నోరు సప్పగుందన్నారే నా తమ్ముళ్ళు... మంచి మంచి ఎండుసేపలు ఏరి మరీ పంపినానే! సేతులారా పెట్టినానే!” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దాలమ్మ పక్కనే కూర్చుంది. “పేమతోటే పంపినావు బావా. ఆటిని యేపి కంచంలో ఏసింది నానే. మనకి తెలవలేదు. ఇప్పుడు తెలిసింది కదా, నువ్వైనా ఉండు.”

ఆ పూట నుంచి అప్పాయమ్మ చిప్పతో కొలిచింది. చేప తింటే ఆ పూట కూరలో ఉప్పు పడేది కాదు. మొదట్లో గున్నయ్యకు అన్నం గడ్డిలా ఉండేది. నెల తిరిగేసరికి వంకాయ రుచి తెలిసింది, పప్పు రుచి తెలిసింది. మెల్లగా కాళ్ళ వాపు తీసింది. వానలు వెళ్ళి మళ్ళు తెరిచిన రోజున, గున్నయ్య కర్ర పారేసి గట్టు మీద నడిచి వెళ్ళాడు. ఊరంతా చూసింది. ఆ సాయంత్రానికే ఇంటింటివాళ్ళూ ఆల్చిప్పల కోసం ఒడ్డంతా వెతికారు.

దాలమ్మ పండు ముసలిదై కన్నుమూసింది. చివరిదాకా గట్లు ఊడుస్తూనే ఉంది. ఆమెను ఇసుక దిబ్బ మీద పూడ్చారు. ఆ ఏటి ఉప్పంతా ఆమె మీద కుప్ప పోయాలని ఊరివాళ్ళు బళ్ళు కట్టారు. అప్పటికి తొంభై దాటిన గున్నయ్య వాళ్ళను ఆపాడు.

“ఒద్దురా. అంత పోస్తే లేసొచ్చి తిడతాది,” అని ఒకే ఒక్క చిప్ప ఉప్పు దిబ్బ మీద, ఆమె గుండెలున్న చోట పోశాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో తొలి వాన పడి మళ్ళు మూసేరోజున ఇంటికొక్కరు ఆ దిబ్బ దగ్గరికి వెళతారట. ఒక చిప్ప ఉప్పు పోసి వస్తారట. వాన దాన్ని కరిగించి సముద్రానికి తీసుకుపోతుంది. కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, మొక్కుకునేవాళ్ళు ఉన్నారు. రెండో చిప్ప పోసినవాళ్ళు మాత్రం ఇంతవరకు ఒక్కరూ లేరు.