పేరంటాలు అతికిన మొహాలు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు లెండి. కాలవగట్టు పేటకి అచ్చుయంత్రం కొత్తగా వచ్చిన కాలం. ఆ పేటలో ఒక ఒంటరి ఆడమనిషి ఉండేది. పేరు పేరంటాలు. పేరే పేరంటాలు గానీ, పేరంటానికి పిలిచే దిక్కు లేదు పాపం!

ఎందుకంటారా? మన ఆనవాయితీ తెలిసిందేగా. శుభలేఖ వస్తే పసుపు రాసి దాచుకుంటాం. దినం కార్డు వస్తే? చదివీ చదవగానే చింపి గడప బయట పారేస్తాం. ఇంట్లో ఉంటే కీడంటాం. పేరంటాలు మొగుడు పరాయి ఊళ్లో పోతే, అక్కడి తోటి పనివాళ్లు అతని బొమ్మతో కార్డు వేయించి పంపారు. "ఒక్కసారి మొహం చూడనీ అయ్యా" అనేలోపే మరిది పర్రున చింపేశాడు. ముక్కలు కాలవలో కొట్టుకుపోయాయి.

అప్పట్నుంచి ఆమె గడపగడపకీ తిరిగి చింపిన కార్డులు ఏరేది. చింతగింజల జిగురుతో అతికేది. వేపాకు వేసి పెట్టెలో దాచేది. ఏరేది, అతికేది, దాచేది. ఇదే బతుకు. పేట ఊరుకుంటుందా? నీళ్లకెళ్లే ఆడవాళ్లు దారి మార్చారు. పిల్లల్ని అటు పోనివ్వలేదు. పెరుగమ్మే ఆవిడ ముంత గుమ్మంలో పెట్టి పలక్కుండా పోయేది. మాట్లాడే మనిషి లేక పేరంటాలు ఆ కార్డులతోనే మాట్లాడేది. "ఏం వదినా, ఇవాళ ఎండ చూశావా?" అనేది. వదిన పలకదుగా! ఏడుపొచ్చేది. ఒక్క మనిషి గడప దాటి లోపలికొస్తే చాలు దేవుడా అనుకునేది.

ఒకరోజు గానుగ వీరన్న వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"పేరంటాలమ్మా, మా అమ్మ మొహం గుర్తు రావట్లేదు. కార్డు నేనే చింపేశాను. నీ దగ్గరుందా?"

"ఉంది. లోపలికొచ్చి చూడు నాయనా."

వీరన్న గడపకేసి చూశాడు. వీధికేసి చూశాడు. ఆఖరికి లోపలికి అడుగుపెట్టాడు. పేరంటాలు పీట వాల్చి, పెట్టెలోంచి కార్డు తీసిచ్చింది. అమ్మ బుగ్గ మీద అతుకు చూసి వీరన్న భోరుమన్నాడు.

ఆ తర్వాత ఇంకో ఇంటివాళ్లు, ఇంకో ఇంటివాళ్లు వచ్చారు. చూశారు, ఏడ్చారు, వెళ్లిపోయారు. రెండోసారి ఎవరూ రాలేదు. "నువ్వెలా ఉన్నావు" అని ఒక్కరన్నా అడగలేదు.

కొన్నాళ్లకి ఆమె పోయింది. వీరన్న కార్డు వేయిద్దామని వెళ్లాడు. "'ఇట్లు' కింద ఎవరి పేరు వెయ్యను?" అన్నాడు అచ్చాయన. మరిది ఎప్పుడో పోయాడు, అయినవాళ్లు ఇంకెవరూ లేరు. బొమ్మ వేద్దామంటే ఆమె బొమ్మే లేదు. అందరి మొహాలూ దాచిన మనిషికి కార్డే లేకుండా పోయింది.

ఆ ఏడే వీరన్న తండ్రి పోయాడు. "బంధువుల పేర్ల చివర పేరంటాలు అని వెయ్యి" అన్నాడు వీరన్న.

"పోయినావిడ పేరా! ఆవిడ మీకేమవుతుంది?"

"మా అమ్మని నేను వీధిలో పారేస్తే ఇంట్లో పెట్టుకుంది. ఇంకేమవ్వాలయ్యా?"

అది చూసి తక్కిన ఇళ్లవాళ్లూ అలాగే వేయించారు. ఇప్పటికీ ఆ పేటలో ఏ ఇంటి దినం కార్డు చూసినా, 'ఇట్లు' కింద ఆఖరి పేరు పేరంటాలే. పొరుగూరివాళ్లు "ఎవరీవిడ?" అని అడిగితే, "మా మనిషే" అంటారు.