అసిరమ్మ కొలిచిన వాలు

ఇదిగో తల్లీ, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే ఊడి నీ చేతిలో పడాలి. దుప్పటి కప్పుకుని విను.

అనగనగా కొండ కింద రాళ్ళగూడ అనే ఊరు. అక్కడ ఎండ ఎంతటిదంటే, కోళ్ళు ఉడికిన గుడ్లే పెట్టేవి. ఆ ఊళ్ళో అసిరమ్మ ఉండేది. ఆమె మొగుడు సోములు, కొండమీది ఊట నుంచి పొలానికి కాలవ తవ్వడం మొదలుపెట్టాడు. ముప్ఫై మూరలు తవ్వాక జ్వరమొచ్చి పోయాడు పాపం. ఆయన పోసిన నారు మడిలో ఉంది. ఇంట్లో ఇంకో గింజ లేదు. ఆ నారు ఎండితే ఆ ఏడు ఇద్దరు పిల్లలకీ కూడు లేదు.

అప్పుడు ఊరిపెద్ద గంగులు తాత వచ్చి, "వంకర్లెందుకే? ఊట నుంచి తిన్నగా కిందికి తవ్వేద్దాం" అన్నాడు. తవ్వారు. నీళ్ళు ఎగిరి దూకి మడిగట్టునీ, సగం నారునీ, గట్టుమీది కోడిపుంజునీ ఈడ్చుకుపోయాయి. ఆ పుంజు మూడో ఊళ్ళో తేలి, అక్కడే కూసింది!

ఆ గండి పూడ్చి, కొండ చుట్టూ కంటికి బాగున్నట్టు ఇంకో కాలవ తవ్వారు. ఈసారి నీళ్ళు కదల్లేదు. అందులో కప్పలు పిల్లల్ని కని, ఆ పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా చేశాయి. పొలానికి చుక్క రాలేదు. మిగిలిన నారు కొసలు పసుపెక్కాయి.

ఆ తర్వాత అసిరమ్మ ఒక్కతే కొండెక్కింది. సోములు తవ్విన ముప్ఫై మూరల్లో మాత్రం నీళ్ళు నిండుకుండ ఎత్తుకున్న ఆడమనిషిలా నడుస్తున్నాయి. ఉరకడం లేదు, నిలవడం లేదు. "ఈయన ఎంత వాలు పెట్టాడు?" అనుకుంది.

కాలవ అడుగున మొదట్లో తాడు కట్టింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, ఆ నీటి మట్టానికి సమంగా, ఎటూ వాలకుండా తాడుని బిగలాగింది. పది మూరల దూరాన తాడు నుంచి కాలవ అడుగుకి మూడు వేళ్ళు. ఇరవై మూరలకి ఆరు. ముప్ఫైకి తొమ్మిది.

ఆమె దిగొచ్చి ఈ లెక్క చెబితే గంగులు తాత నవ్వాడు. "మూడుచోట్ల మూడు లెక్కలు! ఏది నమ్మాలే?"

"మూడూ ఒకటే తాతా. ఎంత దిగిందో ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎంత దూరానికి దిగిందో కూడా చూడాలి. ఎక్కడ కొలిచినా పదికి మూడే. అదే ఆయన వాలు."

తాత నవ్వు ఆగిపోయింది. తలగుడ్డ బిగించి గునపం అందుకున్నాడు. సోములు ఆపిన చోటు నుంచే తవ్వారు. పది మూరలకోసారి తాడు లాగి, మూడు వేళ్ళు చూసుకున్నారు.

మూడోనాడు నీళ్ళు మెల్లిగా నడుచుకుంటూ మడిలోకి వచ్చాయి. అసిరమ్మ వంగి, అరచెయ్యి నీళ్ళలో పెట్టి, "వచ్చావా?" అంది. నీళ్ళనందో, ఆయన్నందో నాకు తెలీదు. ఈ ముక్క మాత్రం పిసరంత కూడా పెంచలేదు తల్లీ.

పది మూరలు ముందుకి,
మూడు వేళ్ళు కిందికి,
నీళ్ళు చేరె మడికి,
కథ చేరె కంచికి,
కళ్ళు చేరాలి నిద్రకి.

పడుకో. పొద్దున్నే లేచి, తాడూ పళ్ళెమూ పట్టుకుని దొడ్లోకి వెళ్ళు. మన స్నానాల గది కాలవలో నీళ్ళు నిలిచిపోతున్నాయి. ఎంత దిగిందో, ఎంత దూరానికో కొలిచి నాకు చెప్పాలి. పళ్ళెం మీ అమ్మనడక్కు, తీసేసుకో.