బీరపాదుకు చదివిన జాబితా

మూడు వారాలుగా వీరభద్రానికి బీరకాయ కనబడితే చాలు, ఒళ్లు మండుతోంది.

నాగావళి ఒడ్డున ఆశ్రమంలో చేరకముందు అతను పెళ్లిళ్ల వంటమేస్త్రి. ఇరవై ఏళ్లు గాడిపొయ్యి ముందు నిలబడ్డవాడు. అతని గుత్తివంకాయ తిన్నవాళ్లు పెళ్లికొడుకు పేరు మరిచిపోయినా కూరని మరిచిపోలేదని చెప్పుకునేవారు. అలా చెప్పుకునేవాళ్లలో అతనూ ఒకడు.

ఆశ్రమానికి గురువు తవిటమ్మగారు. అందరూ అమ్మ అంటారు. అక్కడ బజారు కూర కొనరు. తొలకరికి శిష్యులంతా వెళ్లి రైతు పోలయ్య పొలంలో విత్తనాలు వేసి, కలుపు తీసి వస్తారు. అందుకు బదులుగా సోమవారం, గురువారం పోలయ్య గంపెడు కూరలు వాటాగా తెచ్చి దించుతాడు. ఏది కాస్తే అది. ఈ శ్రావణంలో బీరపాదు తప్ప ఇంకేదీ కాయడం లేదు.

వీరభద్రం ఆ కాయల్ని చెక్కు తీసి, కోసి, ఉడకబెట్టి, ఇంత ఉప్పూ కారం పడేస్తున్నాడు. మారు వడ్డించమని అడిగినవాళ్లు లేరు. బీరకాయ కదా, నేనేం చేసేది అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

అంతలో కబురొచ్చింది. అతని దగ్గర పని నేర్చుకున్న నలుగురు వంటవాళ్లు ఏదో పెళ్లికి పోతూ గురువారం మధ్యాహ్నం ఆశ్రమంలో భోజనం చేస్తారట. వీరభద్రం గంపలో మిగిలిన బీరకాయలవైపు చూశాడు. వాళ్ల విస్తళ్లలో ఆ ఉడికిన ముక్కలు పెడితే ఇరవై ఏళ్ల పేరు ఏమైపోను?

కూర్చుని వారం రోజులకీ జాబితా రాశాడు. గురువారం దగ్గర 'గుత్తివంకాయలు, లేతవి, నలభై' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. సోమవారం గంప దించుతున్న పోలయ్య చేతిలో ఆ కాగితం పెట్టాడు.

పోలయ్య దాన్ని పట్టుకుని తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, మేస్త్రిగారు కాయితం ఇచ్చారు. నాకు సదవడం రాదు. ఏటి కావాలంటన్నారో సూడండి."

అమ్మ చదివింది. నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడానికి కొంచెం కష్టపడింది.

"భద్రం, చెప్పులేసుకో. పొలానికి పోదాం."

పోలయ్యా వెంట నడిచాడు. అమ్మ బీరపందిరి ముందు ఆగి కాగితం భద్రానికి ఇచ్చింది.

"చదువు."

"ఎవరికమ్మా?"

"పాదుకి. పోలయ్యకిస్తే ఏం లాభం? కాసేది అతను కాదు కదా."

వేళాకోళం అనుకున్నాడు. అమ్మ గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. చదవక తప్పలేదు.

"సోమవారం, దొండకాయ వేపుడు. మంగళవారం..."

"కాస్త గట్టిగా నాయనా. ఆ చివరి తీగకి వినపడినట్టు లేదు."

పక్కనే కాయలు కోస్తున్న పోలయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరభద్రం గొంతు పెంచాడు. గురువారం దాకా వచ్చేసరికి పక్క మడిలో వంగమొక్కలు కనిపించాయి. నిండా పూతే, ఒక్క పిందె లేదు. వాటివైపు చూస్తూ "గుత్తివంకాయలు, లేతవి, నలభై" అని చదివేసరికి అతనికే నవ్వొచ్చింది. ఆ వెనకే సిగ్గేసింది.

అమ్మ లేచి, చేతికందిన లేత బీరకాయ కోసి, రెండుగా విరిచి, ఒక ముక్క అతనికిచ్చింది. పచ్చిదే నమిలాడు. నమలడం ఆపి మళ్లీ నమిలాడు.

"తియ్యగా ఉందమ్మా."

"మూడు వారాలుగా దీన్నే వండుతున్నావు. రుచి చూడటం ఇవాళేనా?"

వీరభద్రం మిగిలిన ముక్క కూడా నోట్లో వేసుకున్నాడు. విత్తనాలు మడిచి దాచుకోడానికి పనికొస్తుందని ఆ కాగితాన్ని పోలయ్య అడిగి తీసుకున్నాడు.

గురువారం గంప వచ్చింది. అవే బీరకాయలు. వీరభద్రం ప్రతి కాయ కొసా కోసి నాలిక మీద పెట్టుకుని చూశాడు. చేదు తగిలినదాన్ని తీసి పారేశాడు. చెక్కు పారేయకుండా నువ్వులూ పచ్చిమిరపకాయలూ వేయించి పచ్చడి నూరాడు. కాస్త ముదురువి పెసరపప్పులో పడ్డాయి. వేలెడేసి లేత కాయల్ని గుత్తిగా చీల్చి, ఇరవై ఏళ్లు వంకాయలో కూరిన కారాన్నే వాటిలో కూరి, మూత పెట్టి, అది మగ్గేదాకా పొయ్యి ముందునుంచి కదల్లేదు.

నలుగురు వంటవాళ్లూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. కూర కలిపిన మొదటి ముద్ద తినగానే అందరూ రెండోది కలుపుకున్నారు. తరవాత వాళ్లలో పెద్దవాడు సత్తిరాజు తలెత్తాడు.

"మేస్త్రిగారూ, ఇది మాకెందుకు నేర్పలేదండీ?"

"నాకూ మొన్న సోమవారమే తెలిసిందయ్యా."

"వచ్చే గురువారం తిరుగు ప్రయాణంలో మళ్లీ ఇటే వస్తాం. ఆరోజు ఏం చేస్తారు?"

వీరభద్రం అలవాటుగా వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయాడు.

"పాదు ఇంకా చెప్పలేదు" అన్నాడు.

వరస చివర కూర్చున్న అమ్మ తన విస్తరి కొంచెం ముందుకు జరిపింది.

"మారు వెయ్యి నాయనా."