ఊళయ్య మోడు, నిదానమ్మ మోడు

ఎండలు నిప్పులు చెరుగుతున్న ఓ వేసవిలో పాలవాగు అడవిని ఏటా వచ్చే కడుపురోగం మళ్ళీ పట్టింది. వాగు ఎండి ఇసుక తేలింది. గుట్ట కింద ఒక్క మడుగు మిగిలింది, అదీ పచ్చగా పాచిపట్టి. ఆ నీళ్ళు తాగిన కూనలు కడుపు జారి, రెండో రోజుకల్లా కళ్ళు తేలేసేవి.

ముసలి తాబేలు నిదానమ్మ నాలుగు వేసవులుగా ఒకే పని మీద ఉంది. ఎవరు ఎక్కడ తాగారు, ఎవరు పడ్డారు, ఎవరు లేచారు అని గుహగుహకూ పాక్కుంటూ పోయి అడిగేది. చివరికి ఒక మాట తేల్చింది.

"మడుగు జోలికి పోకండి. వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు తాగండి."

నక్క ఊళయ్యకు ఆ మాట గిట్టలేదు. అతని మకాం మడుగు పక్క పొదలోనే. నీళ్ళకు వచ్చే కుందేళ్ళే అతని కూడు. "మడుగు నీళ్ళు అమృతం! చెలమలు తవ్వితే వాగమ్మకు కోపం వస్తుంది" అని ప్రచారం మొదలుపెట్టాడు.

ఏ మాట పాటించాలో తేలక అడవి రెండుగా చీలింది. దాంతో అడవికి పెద్ద అయిన ఏనుగు వడ్రంగిపిట్ట సుత్తెమ్మను పిలిపించాడు.

"అమ్మాయ్, నీ లెక్క తప్పదు. నెల రోజులు తిరుగు. 'ఊళయ్య చెప్పాడు' అని ఎవరన్నా అంటే ఈ మోడు మీద ఒక పొడుపు. 'నిదానమ్మ చెప్పింది' అంటే ఆ మోడు మీద ఒక పొడుపు. పొడుపులు ఎక్కువున్నవాళ్ళ మాటే అందరికీ కట్టుబాటు."

సుత్తెమ్మ గర్వంగా ముక్కు నూరుకుంది.

ఊళయ్య ఊరుకుంటాడా? మర్నాడే అడవిలోని నక్కలన్నిటినీ పోగేశాడు. "నోరు తెరిస్తే నా పేరే రావాలి. నువ్వు వాడి దగ్గర నా పేరెత్తు, వాడు నీ దగ్గర ఎత్తుతాడు." ఇక పొద్దెక్కితే చాలు, ఏ గట్టు మీద విన్నా "ఊళయ్య చెప్పినట్టు... ఊళయ్య అన్నట్టు..." చిలకలు కూడా అందుకున్నాయి. సుత్తెమ్మకు మెడ పట్టేసింది. నెల తిరిగేసరికి ఊళయ్య మోడు జల్లెడైంది. నిదానమ్మ మోడు మీద ఏడంటే ఏడు పొడుపులు.

'పాపం ముసలిది' అనుకుని, తీర్పు సభకు ముందే ఒక మాట చెబుదామని సుత్తెమ్మ తాబేలు ఉండే వైపు ఎగిరింది. దారిలో ఒక లేడి, మడుగు వైపు పరిగెత్తే కూనను ముట్టెతో వెనక్కి నెడుతోంది.

"అటు వద్దురా! చెలమ దగ్గరికి పద."

"ఎవరు చెప్పారు వదినా?" అని అడిగింది సుత్తెమ్మ.

"మా అత్త."

అత్తను అడిగితే అడవిపంది అంది. పందిని అడిగితే గుట్ట అవతలి కొండముచ్చు అంది. సుత్తెమ్మ గుట్ట దాటింది. కొండముచ్చు బుర్ర గోక్కుంది. "ఎవరో పాక్కుంటూ వచ్చి అడిగిపోయారట మా తాత కాలంలో... కాదు కాదు, నాలుగేళ్ళ కిందట. మళ్ళీ వచ్చి చెలమ మాట చెప్పారట. పేరు గుర్తులేదు. మాట మాత్రం గుర్తుంది."

సుత్తెమ్మ ఇంకా పైకి లేచి కిందకు చూసింది. రెక్క ఆడడం మరిచిపోయింది.

కనుచూపు మేర ఎండిన వాగు. ఆ ఇసుక నిండా చెలమలే! వందలు, వేలు. ఒక్కో చెలమలో అరచేతంత ఆకాశం మెరుస్తోంది. ఒక్కోదాని మీద ఒక మూతి వంగి ఉంది. దుప్పి, అడవిదున్న, నెమలి, ముంగిస. తాబేలును కంటితో చూడని అడవులవి. అక్కడ గంతులేస్తున్న కూనల్ని లెక్కపెడదామని మొదలుపెట్టి, లెక్కే తప్పని సుత్తెమ్మ లెక్క తప్పింది. 'ఇంత పని ఆ ముసలిదా చేసింది? నేనా దీనికి ఏడు పొడుపులు పొడిచాను?'

సభనాడు ఊళయ్య తోక నిగిడించి నిలబడ్డాడు. "నక్కెక్కడ, నాకలోకమెక్కడ అనేవాళ్ళు, ఆ మోడును చూసి మాట్లాడండి!"

"లెక్క నిజమే పెద్దయ్యా, కొలిచిందే తప్పు. గుట్ట అవతల నిదానమ్మ పేరు తెలియనివాళ్ళు కూడా ఆమె మాట మీదే బతుకుతున్నారు" అంది సుత్తెమ్మ. నక్కల వైపు తిరిగింది. "బాబూ, ఊళయ్య చెప్పాడన్నారు కదా, ఏం చెప్పాడు?"

నక్కలు మొహాలు చూసుకున్నాయి. "చెప్పాడు... చాలా గొప్పగా చెప్పాడు" అని నసిగిందొకటి.

"మడుగు నీళ్ళు అమృతమని చెప్పాను!" అని అరిచాడు ఊళయ్య.

"అయితే ఇదిగో ఆ అమృతం." సుత్తెమ్మ మోదుగు దొప్పలో పచ్చటి నీళ్ళు తెచ్చి పెట్టింది. "అందరి ముందూ ఒక్క గుక్క, మామా."

ఊళయ్య దొప్పను మూతి దగ్గరికి తెచ్చాడు. అతని పెళ్ళాం గుంపులోంచి దూకి దొప్ప తన్నేసింది.

"నీకేమైనా పిచ్చా? చెలమ నీళ్ళు పట్టే కదా మన నలుగురు కూనలూ బతికారు! రోజూ తెల్లారుతూనే తవ్వేది నువ్వు కాదూ?"

అడవంతా గొల్లున నవ్వింది. తన దాకా వస్తే గాని తత్త్వం తెలియదంటారు. ఊళయ్యకు బాగానే తెలుసు, నోటితో ఒప్పుకోడం ఒక్కటే మిగిలింది. తోక కాళ్ళ మధ్య దోపుకుని, ఒప్పుకున్నాడు కూడా.

ఏనుగు లేచి, నిదానమ్మ ముందు తొండం నేలకు ఆనించాడు. తాబేలు మాత్రం కంగారుపడింది.

"లే నాయనా. గట్టు వార తవ్విన చెలమల్లో ఇద్దరు కూనలకు రోగం తగిలిందట. ఎందుకో చూసి రావాలి" అంటూ వాగువైపు పాకడం మొదలుపెట్టింది. సుత్తెమ్మ ఆమె వెంట కొమ్మా కొమ్మా ఎగురుతూ వెళ్ళింది.

మంచిమాటను తూచాలంటే పలికిన నోళ్ళు కాదు, నిలిచిన ప్రాణాలు లెక్కపెట్టాలి.